అనూప్ చెవుల పంచాయితీ

అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్ పార్కులో తెలుగు ఆంటీ వెనక నుంచి పిలిస్తే తిరిగి చూడకూడదు. చూశావా, అయిపోయావు. ఏ ఊరు, ఏ కంపెనీ, ఏ వీసా, పెళ్ళయిందా? ఈ నాలుగూ చెప్పేదాకా వదలరు. నాలుగోదానికి ‘లేదు’ అన్నావంటే ఐదోది అక్కడే పుడుతుంది: ‘‘మీరెవరు బాబూ?’’ ఎవరంటే పేరు కాదు, కులం. సముద్రాలు దాటొచ్చినా ఆ రోగం కుదరలేదు.

తెనాలి నుంచి వచ్చి కార్ల బ్రేకులకు సాఫ్ట్‌వేర్ రాసుకునే అనూప్ దీనికి ఒక మందు కనిపెట్టాడు. ఇయర్‌బడ్స్. చెవిలో దూరే రకం కాదు. చెవి వెనక కొక్కెంలా తగులుకొని, కన్నానికి బయటే నిలబడి పాడే రకం. ఓపెన్ ఇయర్ అంటారు. చెవి మూసుకోదు. పాట వినపడుతుంది, వెనకాల వచ్చే సైకిల్ బెల్లూ వినపడుతుంది, ఆంటీ పిలుపూ వినపడుతుంది. కానీ ఆంటీకి ఆ సంగతి తెలియదు. అదే సుఖం.

ఏప్రిల్ నెల, ఆదివారం పొద్దున ఏడు. మంచు కరిగిన బురద మీద సన్నగా వాన. అనూప్ పరుగెడుతున్నాడు.

‘‘బాబూ! ఓ బాబూ!’’

విన్నాడు. శుభ్రంగా విన్నాడు. వేగం పెంచాడు.

‘‘తెలుగోళ్ళేనా బాబూ?’’

ఇంకా పెంచాడు.

కొంప అక్కడే మునిగింది. ఎందుకంటే ఆవిడ దారిన పోయే ఆంటీ కాదు. పేరు నాగమణి. జగిత్యాలలో లెక్కల టీచరుగా రిటైరై, భర్త తిరుపతయ్యతో కలిసి ఆరు నెలలకని కూతురి దగ్గరికి వచ్చింది. కూతురు రచన, కారు సీట్లు డిజైన్ చేసే కంపెనీలో ఇంజనీరు. వచ్చే శనివారం రచనా, అనూపూ ‘క్యాజువల్‌గా కాఫీ’కి కలవాలి. అమెరికాలో దాన్ని పెళ్ళిచూపులు అనరు. తక్కినదంతా సేమ్. పిల్ల చూడకముందే తల్లి చూడాలని నాగమణికి ఆత్రం. అబ్బాయి రోజూ ఈ పార్కులో పరుగెడతాడని బంధువులు చెప్తే, మొగుణ్ణి వెంటబెట్టుకొని గొడుగేసుకొని బెంచీ మీద కాపు కాసింది.

‘‘క్యాన్సల్,’’ అంది ఇంటికి రాగానే, బూట్లు విప్పకుండానే.

‘‘ఏమైందమ్మా?’’ అంది రచన లాప్‌టాప్‌లోంచి తల ఎత్తకుండా. నిజానికి ఆ కాఫీకి ఆమె పదిహేను నిమిషాలే కేటాయించింది.

‘‘పిలగానికి చెవుడు. రెండు చెవులకూ మిషన్లు. కొక్కేలు పెట్టి తగిలించిండు. మా హెడ్మాస్టర్‌కు గిట్లనే ఉండె. నాలుగుసార్లు పిలిస్తి, ఒక్కసారి తిరిగి సూడలే. బయోడేటాల ఎక్కడన్న రాసిండ్రా? దొంగలు!’’

తిరుపతయ్య సోఫాలో కూర్చొని నవ్వుతూ తల ఊపాడు. ఆయన అన్నిటికీ అంతే. మంచి మనిషి.

రచన లాప్‌టాప్ మూసింది.

‘‘అయితే ఏంది?’’

‘‘అయితే ఏంది అంటవేందే?’’

‘‘వినపడకపోతే ఏమైతది అంటున్నా. మా టీమ్‌లో బెస్ట్ డిజైనర్‌కు పుట్టుకతో వినపడదు. మా బాస్‌కు రెండు చెవులూ ఉన్నయ్, ఒక్కటీ వినడు.’’

‘‘ఆఫీసు వేరు బిడ్డా, కాపురం వేరు.’’

‘‘తాగేటోడైతే ‘పెళ్ళయితే మారుతడు’ అంటరు. కోపిష్టోడైతే ‘మగపిలగాడు కదా’ అంటరు. చెవి దగ్గరికి వచ్చేసరికి క్యాన్సలా? ముప్పై ఏండ్లు పిల్లలకు సమానత్వం పాఠం చెప్పినవ్ కదమ్మా!’’

‘‘అది సోషల్ టీచర్ చెప్పింది. నేను లెక్కలు.’’

రచనకు కోపం వస్తే ఊరుకునే రకం కాదు. తన అపార్ట్‌మెంట్‌లో వాషింగ్ మెషిన్లు పాడైతే నలభై ఇళ్ళ సంతకాలు పోగేసి మేనేజర్ బల్ల మీద కొట్టిన మనిషి. ఆ రోజు నుంచి తల్లితో మాట్లాడటం మానేసి, అనూప్ ఫొటో మొదటిసారి సరిగ్గా చూసింది. బాగానే ఉన్నాడు. బాగా లేకపోయినా ఒప్పుకునేదేమో. అంత కోపంగా ఉంది.

శనివారం కాఫీ షాప్. అనూప్ ఇయర్‌బడ్స్‌తోనే వచ్చాడు. అవి ఎంత తేలికంటే పెట్టుకున్న సంగతే మరిచిపోతాడు. ఒక్కోసారి షవర్ కింద నిలబడ్డాక గుర్తొస్తుంది.

రచన తన మొహం మీద వెలుతురు పడేలా కుర్చీ జరుపుకుంది. వినపడనివాళ్ళతో ఎలా మాట్లాడాలో వారమంతా వీడియోలు చూసి వచ్చింది. నోరు బాగా తెరిచి, ఒక్కో మాటా విడదీసి, గట్టిగా మొదలుపెట్టింది.

‘‘నా… పేరు… రచన!’’

అనూప్ గుండె కలుక్కుమంది. పాపం, ఈ అమ్మాయికి వినపడదా? బయోడేటాలో రాయలేదే! సరే, రాయకపోతే ఏం? మర్యాద కొద్దీ తనూ గొంతు పెంచాడు.

‘‘నా… పేరు… అనూప్… అండీ!’’

‘‘కాఫీ… ఏది… తాగుతారు?’’

‘‘ఏదైనా… ఫరవాలేదు!’’

షాపంతా వాళ్ళ వంక తిరిగింది. మూల కూర్చున్న ముసలాయన పేపరు మడుచుకొని బయటి బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు, వాన పడుతున్నా సరే.

అనూప్‌కు అదేం పట్టలేదు. ఇరవై తొమ్మిదేళ్ళ బతుకులో ఏ అమ్మాయీ తన మొహంలోకి అంత తిన్నగా చూస్తూ మాట్లాడలేదు. ఆ కళ్ళు ఒక్క క్షణం పక్కకు పోవు, ఫోన్ మీదికి పోవు. పది నిమిషాల్లో మనసు పారేసుకున్నాడు.

‘‘ఒకటి అడుగుతా, ఏమనుకోకండి. ఎప్పటి నుంచి?’’ అంటూ రచన తన చెవి తాకి చూపించింది.

‘‘ఇవా? రెండేళ్ళయిందండీ. పార్కులో సైకిల్ గుద్దింది. అప్పటి నుంచి ఇవే.’’

అబద్ధం కాదు. చెవిలో దూరే రకం పెట్టుకొని పరుగెడుతూ బెల్ వినక సైకిల్ కింద పడ్డాడు, మోకాలికి మూడు కుట్లు. తర్వాత ఇవి కొన్నాడు. కానీ రచన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

‘‘మా అమ్మ మిమ్మల్ని పార్కులో చూసి వద్దంది. ఆమెతో కొట్లాడి వారం నుంచి మాటలు మానేశా. వినపడకపోతే మనిషి కాడా అని.’’

అప్పుడు అర్థమైంది అనూప్‌కు. మూడు మాటల పని. ‘నాకు బాగా వినపడుతుందండీ.’ అంతే. నోరు తెరిచాడు.

‘‘మీలో నాకు నచ్చింది ఏంటో చెప్పనా? మీరు దాచుకోలేదు. అందరికీ కనపడేలా పెట్టుకొని తిరుగుతున్నారు. దాచేవాళ్ళంటే నాకు అసహ్యం.’’

నోరు మూసుకున్నాడు.

దీన్ని పిరికితనం అంటారు. ఇంకో పేరు లేదు. అయితే ఒకటి మాత్రం నిజం. అనూప్ కోసం ఇంతవరకు ఎవరూ ఎవరితోనూ కొట్లాడలేదు. లేఆఫ్ లిస్టులో పేరు వచ్చినప్పుడు మేనేజర్ కొట్లాడలేదు. అడ్వాన్స్ ఎగ్గొట్టిన ఇంటి ఓనర్‌తో రూమ్మేట్లు కొట్లాడలేదు. ఇప్పుడు ఈ పిల్ల, ముక్కూ మొహం తెలియక ముందే, కన్నతల్లితో కొట్లాడింది. ‘ఇంకొక్క రోజు’ అనుకున్నాడు. అలా పది రోజులైంది.

ఆ పది రోజులూ ఫోన్ కాల్ లేదు. ‘నీకు కష్టం కదా, టైప్ చేస్తాలే’ అని ఆమే రాసింది. ‘మీరు’ పోయి ‘నువ్వు’ వచ్చేసింది. రోజుకు రెండు వందల మెసేజ్‌లు. సాయంత్రం పార్కులో నడక. ఒకరోజు వెనక సైకిల్ బెల్ మోగింది. అనూప్ అలవాటు కొద్దీ పక్కకు తప్పుకున్నాడు. రచన మాత్రం ఆ సైకిలతన్ని ఆపేసింది.

‘‘ఆయనకు వినపడదు! బెల్ కొడితే ఏం లాభం? దిగి నడవచ్చు కదా!’’ అని ఇంగ్లీషులో దులిపింది.

‘‘ఆయన తప్పుకున్నాడు కదండీ,’’ అన్నాడు ఆ అమెరికా మనిషి బిక్కమొహంతో.

అతను వెళ్ళాక అనూప్ వైపు తిరిగింది. ‘‘అవును, ఎట్లా తప్పుకున్నావ్? నేల వణికితే తెలుస్తుందా?’’

‘‘ఆ… కొంచెం.’’

ఆమె కళ్ళలో ఆ మెచ్చుకోలు చూసి అనూప్‌కు నేల నిజంగానే వణికింది.

పదకొండో రోజు బుధవారం. ఇంటి నుంచి పని చేస్తుంటే తలుపు చప్పుడు. అపార్ట్‌మెంట్ టెక్నీషియన్. చేతిలో డ్రిల్లు, చంకలో పెట్టె.

‘‘మీ ఫైర్ అలారానికి లైట్ బిగించాలి. వినపడనివాళ్ళ కోసం. మంటలు వస్తే ఇది తళతళా వెలిగి లేపుతుంది. మిస్ రచన అని ఒకామె మా ఆఫీస్‌కు ఆరు ఈమెయిల్స్ పెట్టింది. ఏడోది లాయర్‌తో పెట్టిస్తానంది. ఇక్కడ సంతకం చేయండి.’’

కాగితం మీద రాసి ఉంది: ఈ ఇంట్లో ఉండే వ్యక్తికి వినికిడి లోపం ఉంది.

‘‘స్టాక్‌లో ఇంకా ఉన్నాయా ఇవి?’’ అడిగాడు అనూప్.

‘‘ఇదొక్కటే. ఇంకోటి కావాలంటే ఆర్డర్ పెట్టాలి.’’

అనూప్ పెన్ను కింద పెట్టాడు. ‘‘నాకొద్దు. అవసరమైనవాళ్ళకు పెట్టండి.’’ అని, ఫోన్ తీసి రచనకు కాల్ చేశాడు. మొట్టమొదటి కాల్.

‘‘హలో? ఫోన్ చేశావేంటి అనూప్? నేను మాట్లాడేది నీకెట్లా…’’

‘‘వినపడుతోంది రచనా.’’

అదే ఊపులో మిగతాదీ చెప్పేశాడు.

‘‘మొత్తం వినపడుతోంది. మొదటి నుంచీ. నా చెవులకు ఏమీ లేదు. అవి మిషన్లు కావు, పాటలు వినేవి.’’

‘‘ఏం పాటలు?’’ ఆ గొంతు మంచులా ఉంది.

‘‘నిజం చెప్పాలంటే పాటలు కూడా కాదు. వంటల ప్రోగ్రాం. పరుగెత్తేటప్పుడు… గుత్తొంకాయ కూరా అదీ…’’

కాల్ కట్.

పన్నెండు నిమిషాల్లో తలుపు దగ్గర ఉంది. లోపలికి రాలేదు. చేయి చాపింది. అనూప్ ఇయర్‌బడ్ ఒకటి తీసి ఇచ్చాడు. చెవికి తగిలించుకొని విన్నది. కొత్తిమీర ఎప్పుడు వేయాలో ఎవరో ఆవిడ చెబుతోంది. తీసి చేతిలో పెట్టేసింది.

‘‘ఆ సైకిలతన్ని ఎంత తిట్టాను! పాపం నిజమే చెప్పాడు. నువ్వు పక్కనే నిలబడి నేల వణికిందన్నావ్.’’

‘‘తప్పే.’’

‘‘పద్దెనిమిది రోజుల నుంచి మా అమ్మతో మాటల్లేవు.’’

‘‘నా కోసం ఒకళ్ళు కొట్లాడుతుంటే బాగుంది రచనా. ఆపబుద్ధి కాలేదు.’’

‘‘నీ కోసం ఎవరు కొట్లాడారు? వినపడనివాళ్ళ కోసం కొట్లాడాను. నువ్వు వాళ్ళ సీట్‌లో టికెట్ లేకుండా కూర్చున్నావ్!’’

అనూప్ నోరు తెరిచాడు. అప్పటికే ఆమె మెట్లు దిగిపోయింది.

ఇంట్లో సంగతి తెలిసి నాగమణి ఎగిరి గంతేసినంత పని చేసింది.

‘‘చెవులు మంచిగున్నయా? రెండూ? అయ్యో నా తండ్రీ! ఉండు, పంతులుకు ఫోన్ చేస్త.’’

‘‘అక్కర్లేదు. నాకొద్దు.’’

‘‘నిన్నటిదాక వాడే కావాలంటివి!’’

‘‘అతను అబద్ధమాడిండు, అది వేరే లెక్క. నీ లెక్క చెప్పు. వినపడదంటే క్యాన్సల్ అన్నవ్. వినపడతదంటే ముహూర్తం అంటున్నవ్. చెవుల సర్టిఫికెట్ చూసి చేసే పెండ్లి నాకొద్దు. ‘వినపడనోడికైనా నా బిడ్డనిస్త’ అని నీ నోటితోటి అన్న రోజే ఈ ఇంట్ల పెండ్లి మాట ఎత్తు.’’

‘‘అనను!’’ నాగమణి గొంతు పక్క అపార్ట్‌మెంట్‌కు వినపడింది. ‘‘సచ్చినా అనను. ఎందుకంటే అది ఎట్లుంటదో నాకెరుక. మీ బాపుకు పన్నెండేండ్ల సంది వినపడదు!’’

తిరుపతయ్య సోఫాలో కూర్చొని, సౌండ్ లేని టీవీ చూస్తూ, నవ్వుతూ తల ఊపాడు.

‘‘రైస్‌మిల్లుల ముప్పై ఏండ్లు ఆ మోతల చేసిండు. మిషన్ పెట్టుకో అంటే నామోషి. డాక్టర్ చెప్పేది నేనే వినాలె. ఎయిర్‌పోర్టుల ఆఫీసర్ అడిగితే నేనే చెప్పాలె. ఎవని పెండ్లికి పోయినా ఆయన పక్కనుంచి కదలను, ఎవలేమడిగితే ఏమంటడో అని. ఒక్క మాట మూడుసార్లు. నా గొంతు గిట్లెందుకైందనుకున్నవ్? పుట్టుకతోటి గయ్యాళినా? నువ్వు గిట్ల అరుసుకుంట బతకొద్దని వద్దన్న. ఇగ తిట్టు.’’

రచన తిట్టలేదు. ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో బాపును ఏదడిగినా అమ్మ మధ్యలో దూరి మళ్ళీ అదే ప్రశ్న అడిగేది. ‘ఆయన్ని మాట్లాడనీయవా’ అని ఎన్నిసార్లు కసిరిందో. లోకంలో అందరి చెవుల కోసం ఈమెయిల్స్ పెట్టిన మనిషికి ఇంట్లో చెవులు కనపడలేదు.

వెళ్ళి తండ్రి ఎదురుగా నేల మీద కూర్చుంది. నెమ్మదిగా అడిగింది.

‘‘బాపూ. నీకు వినపడదా?’’

తిరుపతయ్య భార్య వంక చూశాడు. ‘‘చెప్పేసినవా?’’ అని నిట్టూర్చాడు. తర్వాత కూతురితో అన్నాడు: ‘‘ఆ పిలగాడు చెవిటోడు కాదని నాకు మొదటి దినమే ఎరుక.’’

‘‘ఎట్లా?’’

‘‘మీ అమ్మ పిలువంగనే ఉరుకుడు పెంచిండు. నా అసొంటోడైతే ఎవలో పిలిచినట్టు అనుమానమొస్తే ఆగుతడు. నాలుగు దిక్కులు సూస్తడు. అందరి మొఖాలు సూస్తడు. చెవులు సక్కగున్నోడే అంత ధైర్నంగ ఉరుకుతడు.’’

‘‘మరి అప్పుడే చెప్పలేదేం?’’

‘‘నీకెట్లెరుక అని అడుగుదురు గద!’’

రచన నవ్వలేక ఏడవలేక తండ్రి మోకాలి మీద తల పెట్టింది.

మిషన్ పెట్టుకోమంటే మాత్రం తిరుపతయ్య వినలేదు. వారం బతిమాలింది. ‘ముసలోడంటరు’ అన్నాడు. ఇంకో వారం పోయాక ఒక మెలిక పెట్టాడు.

‘‘ఆ పిలగాణ్ణి పిలువు. పది దినాలు చెవిటోడని పేరు మోసిండు గద. ఎట్లుండెనో అడుగుత.’’

రచన ఫోన్ పట్టుకొని కూర్చుంది. సరిగ్గా అప్పుడే అనూప్ అపార్ట్‌మెంట్ ఆఫీస్ నుంచి ఈమెయిల్ వచ్చింది. ‘మీ ఫిర్యాదు మూలంగా మూడు ఇళ్ళలో అలారం లైట్లు బిగించాం. అవసరమైనవాళ్ళు ఎవరో మా దగ్గర లిస్టు లేదు. అనూప్ నూట నలభై తలుపులు తట్టి కనుక్కున్నాడు. ఇక దయచేసి లాయర్ వద్దు.’

రెండుసార్లు చదివింది. నూట నలభై తలుపులు. ఆంటీ పిలిస్తే పారిపోయే మనిషి.

శనివారం అనూప్ వచ్చాడు. చెవులకు ఏమీ లేవు. తిరుపతయ్య ఎదురుగా కుర్చీ వేసుకొని కూర్చున్నాడు.

‘‘చెప్పు బాబూ. చెవిటోడివని అనుకొని నిన్ను ఎట్ల సూసిండ్రు? నవ్విండ్రా?’’

‘‘లేదు అంకుల్. మీ అమ్మాయి నా మొహంలోకి చూస్తూ మాట్లాడింది. చెవులు బాగున్నవాళ్ళతో ఎవరూ అలా మాట్లాడరు. నేను దొంగగా తీసుకున్నాను కాబట్టి సిగ్గేసింది. మీకెందుకు సిగ్గు?’’

‘‘కాఫీ షాపుల అందరు సూసిండ్రట గద?’’

‘‘అది మీ అమ్మాయి అరుపులకి.’’

‘‘నేనొక్కదాన్నేనా?’’ రచన ఊరుకోలేకపోయింది. ‘‘నువ్వు అరవలేదా?’’

‘‘నీకు వినపడదేమో అనుకున్నా!’’

‘‘నాకా?’’

‘‘మరి ఒక్కో మాటా అంత విడదీసి చెప్తుంటే ఏమనుకోవాలి?’’

రచన అతన్ని ఎగాదిగా చూసింది. ‘‘వినపడని పిల్ల అనుకున్నావ్. బయోడేటాలో దాచారనుకున్నావ్. అయినా లేచి పోలేదా?’’

‘‘ఎందుకు పోవాలి? కాఫీ కూడా రాలేదు. నెమ్మదిగా మాట్లాడుకుందాంలే అనుకున్నా.’’

గొప్పకు చెప్పిన మాట కాదది. అసలు అందులో గొప్ప ఉందని కూడా అతనికి తెలియదు. రచనకు తెలిసింది. చూపు తిప్పుకొని కిటికీ అద్దం మీద జారుతున్న వానను చూడసాగింది.

వంటింటి గుమ్మంలో నాగమణి గరిటె పట్టుకొని నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో.

‘‘బిడ్డా, ఒక్క మాట,’’ అంది. గొంతు మొదటిసారి తగ్గింది. ‘‘ఆనాడైతే ఇచ్చేదాన్ని కాదు. అబద్ధమెందుకు? ఇప్పుడు చెప్తున్న. వినపడనోడికైనా ఇస్త. మీ బాపుతోని నేను బతకలేదా? బతికిన. అరుసుకుంటనే బతికిన గని, మంచిగనే బతికిన.’’

తిరుపతయ్య ఆ సమయానికి అనూప్ వైపు తిరిగి ఉన్నాడు. ‘‘ఏమన్నది?’’ అడిగాడు.

నాగమణి నోరు తెరవబోయింది. రచన ఆమె భుజం మీద చేయి వేసి ఆపింది. తనే వచ్చి తండ్రి ముందు కూర్చుంది.

‘‘వినపడనోడికైనా నన్ను ఇస్తదట బాపూ.’’

‘‘మంచిదే. ఎవలున్నరు?’’

‘‘ఎవరూ లేరు. అందుకని…’’ రచన మొహం ఎర్రబడింది. అయినా కళ్ళు దించలేదు, తండ్రి చదువుకోవాలి కదా ఆ పెదవుల్ని. ‘‘వినపడే ఈ అబద్ధాలకోరుకు ఇస్తదేమో అడుగు. నాకు ఇతనే నచ్చిండు.’’

అనూప్ కుర్చీలోంచి లేచాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు.

‘‘రచనా, ఇంకోసారి అను.’’

‘‘ఎందుకు? వినపడలేదా?’’

‘‘వినపడింది. అందుకే.’’

తిరుపతయ్య ఇద్దరి మొహాలూ చూశాడు. ఆయనకు ఎవరూ తిరిగి చెప్పనక్కర్లేకపోయింది. గోడకు ఉన్న క్యాలెండర్ దగ్గరికి నడిచి, వచ్చే సోమవారం మీద వేలు పెట్టాడు.

‘‘ఆ దినం నన్ను చెవుల డాక్టర్ దగ్గరికి తోల్కపోండ్రి. పన్నెండేండ్ల సంది ఏ పెండ్లికి పోయినా మీ అమ్మ చెవుల చెప్పిందే మంత్రమనుకున్న. నా బిడ్డ పెండ్లిల పంతులు ఏం సదువుతడో నేనే వింట.’’